ఉప్పు బటరా, ఉప్పు లేనిదా: ఇంటి వంటకీ కేకులకీ ఏది కొనాలి

ముందు తేల్చి చెప్పేస్తాను, కారణాలు తరవాత చూద్దాం. ఇంట్లో కేకులు, బిస్కెట్లు చేసే అలవాటు ఉంటే ఉప్పు లేని బటర్ కొనండి. బ్రెడ్డు మీదకీ, పావ్‌భాజీకీ, ఉడికించిన మొక్కజొన్న కండె మీదకీ అయితే ఉప్పు బటరే బాగుంటుంది, దానికి 100 గ్రాముల చిన్న ప్యాకెట్ చాలు. మీగడ దాచి వెన్న తీసే ఇల్లయితే ఉప్పు లేని బటర్ మీ దగ్గర ఎప్పుడూ ఉన్నట్టే. దాన్ని కేకుకి వాడాలంటే మాత్రం కొంచెం పని ఉంది. ఆ పనేంటో ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాశాను.

విజయవాడలోనైనా గుంటూరులోనైనా వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్ళి "బటర్ ఇవ్వండి" అంటే చేతిలో పెట్టేది పసుపుపచ్చటి ఉప్పు బటరే. ఉప్పు లేనిది కావాలంటే పెద్ద సూపర్ మార్కెట్‌కో, కేకు సామాన్లు అమ్మే షాపుకో వెళ్ళాలి. అందుకే చాలామంది చేతికొచ్చిన ప్యాకెట్‌తోనే కేకు మొదలుపెడతారు. రెసిపీలో రాసింది ఒకటి, గిన్నెలో పడింది ఇంకొకటి. తేడా ఎక్కడ పట్టించుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో తెలిస్తే ఈ టెన్షన్ ఉండదు.

మన పళ్ళెంలోకి ఉప్పు వచ్చే దారులు

విజయవాడ గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ తిన్నవాళ్ళకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. వేడి ఇడ్లీ మీద తెల్లటి వెన్న ముద్ద పెడతారు, అది అంచుల నుంచి కరుగుతూ ఇడ్లీలోకి దిగుతుంది. ఆ వెన్నలో ఉప్పు ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఉప్పు చట్నీలో ఉంది, కారప్పొడిలో ఉంది, ఇడ్లీ పిండిలోనూ ఉంది. వెన్న చేయాల్సిన పని ఆ కారాన్నీ పులుపునీ మెత్తబరచడం, పాల తీపి కొంచెం తగిలించడం. అదే ఇడ్లీ మీద ప్యాకెట్ ఉప్పు బటర్ వేసి చూడండి. మొదటి ముద్ద బాగానే ఉంటుంది, కారప్పొడి అద్దుకున్న రెండో ముద్దకి నాలుక మీద ఉప్పు తప్ప ఇంకేమీ తెలియదు.

మన తిండి మొత్తం ఇంతే. పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, పచ్చట్లో మరీ ఉప్పు, పొడిలో ఉప్పు, మజ్జిగలో కూడా ఉప్పు. వీటన్నిటి మధ్యకి వచ్చే వెన్న, నెయ్యి చప్పగా ఉంటేనే అందం. గుంటూరు కారం దోసె మీద రాసేది, ముద్దపప్పులో కలుపుకునేది, పిల్లలకి చేతిలో పెట్టేది అన్నీ ఉప్పు లేని వెన్నే కావడానికి కారణం అదే. ఉప్పు బటర్ పుట్టింది వేరే తిండికి. బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంప, మొక్కజొన్న లాంటి చప్పటివాటికి ఉప్పూ కొవ్వూ ఒకేసారి అందించడానికి. దాని చోట అది చాలా మంచిది. ఏ వంటకమైనా చేయబోయే ముందు "దీంట్లో ఉప్పు ఇంకెక్కడి నుంచైనా వస్తోందా?" అని ఒక్కసారి అడిగి చూసుకుంటే, ఏ బటర్ తీయాలో సగం తేలిపోతుంది.

ప్యాకెట్ మీద చదవాల్సినవి

మన దేశంలో ఆహార భద్రతని చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం టేబుల్ బటర్‌లో, అంటే మనం కొనే మామూలు ప్యాకెట్ బటర్‌లో, పాల కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, తేమ 16 శాతం మించకూడదు, ఉప్పు 3 శాతం దాటకూడదు. అసలు ఎంత ఉప్పు వేశారన్నది కంపెనీ బట్టి మారుతుంది. ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో సోడియం అని ఉంటుంది చూడండి. ఆ అంకెని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకి 800 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉంటే, అందులో 2 గ్రాముల ఉప్పు ఉన్నట్టు. మన దగ్గర దొరికే ఉప్పు బటర్లు ఎక్కువగా 2 గ్రాముల దగ్గరో, కాస్త పైనో ఉంటాయి. ఉప్పు లేని దాంట్లో సోడియం చాలా తక్కువ, పాలలో సహజంగా ఉండేది మాత్రమే.

ఈ లెక్క ఎందుకంటే, అమెరికా రెసిపీల్లో "సాల్టెడ్ బటర్ అయినా ఫర్వాలేదు, విడిగా ఉప్పు మానేయండి చాలు" అని రాస్తుంటారు. వాళ్ళ ఉప్పు బటర్‌లో ఉప్పు ఒకటిన్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. మన దాంట్లో అంతకన్నా ఎక్కువ. వాళ్ళకి సరిపోయిన సలహా మనకి ఉప్పగా తేలడానికి ఇదొక కారణం.

రంగు చూసి మోసపోకండి. పసుపుగా ఉంటే ఆవు వెన్న, తెల్లగా ఉంటే కల్తీ అనుకునేవాళ్ళు ఉన్నారు. గేదె తన మేతలోని పసుపు పదార్థం కెరోటిన్‌ని విటమిన్ ఎ గా మార్చేస్తుంది, అందుకే గేదె వెన్న తెల్లగా ఉంటుంది. ప్యాకెట్ ఉప్పు బటర్ పసుపు చాలావరకు జాఫ్రా గింజల నుంచి తీసిన రంగు, లేబుల్ మీద 160బి అని కనబడుతుంది. రుచికి దానితో పనిలేదు కానీ, కేకు మీద తెల్లటి క్రీమ్ కావాలంటే రంగు కలపని బటర్ చూసి తీసుకోవాలి.

ఇంకో రెండు పేర్లు అయోమయం పెడతాయి. మొదటిది కుకింగ్ బటర్. ఉప్పు లేనిదే కానీ దీంట్లో కొవ్వు 76 శాతం ఉన్నా చాలని నిబంధన. అంటే నీళ్ళు ఎక్కువ ఉండొచ్చు. నెయ్యి కాచుకోవడానికి, మిఠాయిలకి ఫర్వాలేదు, కేకుకి మాత్రం నేను తీసుకోను. రెండోది లైట్ బటర్ అని జనం పిలిచే ఫ్యాట్ స్ప్రెడ్. అది బటర్ కాదు, కొవ్వు తక్కువ, నీళ్ళు ఎక్కువ. బ్రెడ్డు మీద రాసుకోండి, పొయ్యి మీదకీ ఓవెన్‌లోకీ మాత్రం వద్దు. డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో అసలు పేరు ఉంటుంది, చదివి కొనండి. విడిగా తూచి ఇచ్చే వెన్న కొనేటప్పుడు తెలిసిన పాలవాళ్ళ దగ్గరైతేనే కొనండి. లేదంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్న ప్యాకెట్ మేలు.

రోజువారీ వంటలో

ఇక్కడ అంత కంగారు పడాల్సిన అవసరం లేదు. పన్నీర్ బటర్ మసాలాకి 50 గ్రాముల ఉప్పు బటర్ వేశారనుకోండి, దాంతో వచ్చే ఉప్పు ఒక గ్రాము పైన కొంచెం, టీస్పూన్‌లో ఐదో వంతు. కూర మొత్తానికి వేసే ఉప్పులో అదో భాగం, అంతే. చేయాల్సిందల్లా ఉప్పు చివర్లో వేయడం. గ్రేవీ దగ్గరపడేకొద్దీ నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. మొదట్లో సరిపోయిందనుకున్నది పావుగంట తరవాత ఎక్కువవుతుంది. పావ్‌భాజీ కూడా ఇలాగే, పైగా పావ్ కాల్చేటప్పుడు ఇంకాస్త ఉప్పు బటర్ పడుతుంది, కాబట్టి భాజీలో చెయ్యి తగ్గించండి.

రొయ్యల్ని వెల్లుల్లి, బటర్ వేసి వేయించుకోవాలంటే ఉప్పు లేనిదే తీయండి. రొయ్యల్లో సహజంగానే ఉప్పదనం ఉంటుంది, ఉప్పు రాసి కడిగి ఉంటే మరీను.

బటర్ ఏదైనా మంట విషయంలో తేడా లేదు. సుమారు 150 డిగ్రీలు దాటితే అందులోని పాల పదార్థం మాడి చేదు వస్తుంది. కాస్త నూనె కలిపితే మాడదని చెబుతారు కానీ, మాడేది కొవ్వు కాదు, పాల పదార్థం. నూనె పోసినా అది మాడే తీరుతుంది. మంట తగ్గించడమే మందు. పోపు వేడికి నెయ్యో నూనో వాడి, బటర్‌ని దించే ముందు వేసుకోండి.

జంతికలకీ చక్రాలకీ వెన్న కరిగించి వేడివేడిగా బియ్యప్పిండిలో పోసి కలుపుతాం కదా. దానికి ఇంటి వెన్న ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. లేకపోతే ఉప్పు బటర్ కూడా పనికొస్తుంది. ముందు బటర్ కలిపి, పిండి చిటికెడు నోట్లో వేసుకుని చూసి, అప్పుడు మిగతా ఉప్పు వేయండి. ఏ వెన్నయినా కొలత దాటితే జంతికలు నూనెలో విడిపోయి చెదిరిపోతాయి, అది ఉప్పు తప్పు కాదు.

ఉప్పు బటర్‌తో నెయ్యి కాయొచ్చా అని చాలామంది అడుగుతారు. కాయొచ్చు. ఉప్పు కొవ్వులో కరగదు. నీరు ఆవిరయ్యాక అది పాల పదార్థంతో పాటు అడుగుకి చేరుతుంది, పైన తేలే నెయ్యికి పెద్దగా అంటదు, పల్చటి గుడ్డలో వడకడితే సరి. నష్టం ఎక్కడంటే, అడుగున మిగిలే గసి. మునగాకు వేసి కాచిన నెయ్యి వంపేశాక ఆ గిన్నెలో ఇంత పంచదారో, వేడి అన్నమో వేసి కలిపి పిల్లలకి ముద్దలు పెడతామే, ఆ ముద్ద ఉప్పు బటర్ కాస్తే నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది. డబ్బు లెక్కలో కూడా గిట్టదు. 500 గ్రాముల టేబుల్ బటర్ నుంచి వచ్చే నెయ్యి మహా అయితే 400 గ్రాములు. దానికన్నా విజయ, సంగం నెయ్యి ప్యాకెట్ తెచ్చుకోవడం నయం.

కేకు, బిస్కెట్టు, క్రీమ్

అసలు తేడా ఇక్కడ. కేకు పిండిలో ఒకసారి పడిన ఉప్పుని తీయడానికి దారి లేదు. కూర ఉప్పగా ఉంటే కాసిని నీళ్ళు పోస్తాం, బంగాళాదుంప వేస్తాం. కేకుకి ఆ వీలు లేదు.

అయినా అన్నిటికీ ఒకే నియమం పెట్టడం సరికాదు. క్రీమ్ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. మా ఎదురింటి పిన్నిగారు మనవడి పుట్టినరోజుకి స్వయంగా కేకు చేసి, పైకి బటర్ క్రీమ్ గిలకొట్టి, నాకు గిన్నె తెచ్చి చూపించారు. "చూడమ్మాయ్, పంచదార పొడి ఇంకో కప్పు వేశాను, అయినా ఉప్పు తగ్గట్లేదు" అని. గిన్నెలో క్రీమ్ చూడటానికి చక్కగా ఉంది, నురగలాగా తేలిగ్గా. వేలితో తీసి నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెంటనే గొంతు దగ్గర ఉప్పు. ఆవిడ వాడింది 250 గ్రాముల ఉప్పు బటర్. అంటే 5 గ్రాముల పైన ఉప్పు, దాదాపు ఒక టీస్పూను. మామూలు క్రీమ్‌కి వేసేది ఒక్క చిటికెడు. పంచదార ఎంత వేసినా తీపి పెరుగుతుంది తప్ప ఉప్పు ఎక్కడికీ పోదు. క్రీమ్‌ని ఉడికించం, కాల్చం, అందులో ఇంకేమీ ఉండదు, బటర్ రుచి ఉన్నదున్నట్టు నాలుకకి తగులుతుంది. కాబట్టి బటర్ క్రీమ్‌కి ఉప్పు లేని బటర్ తప్ప ఇంకోటి వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆవేళ ఆ క్రీమ్‌లో సగం తీసి, ఉప్పు లేని బటర్, కోకో పొడి కలిపి సర్దాం. ఉప్పు పూర్తిగా పోలేదు కానీ చాక్లెట్ చేదు కింద చాలావరకు అణిగింది.

వెన్న పాళ్ళు ఎక్కువుండే సాదా కేకు, అంటే మైదా, పంచదార, బటర్ సమానంగా వేసే రకం, దానికీ ఉప్పు లేనిదే. 200 గ్రాముల బటర్ వేస్తే 4 గ్రాముల ఉప్పు దిగుతుంది, కావాల్సింది ఒక గ్రామో, ఒకటిన్నరో. వెనీలా కేకులో ఆ తేడా దాగదు. చాక్లెట్ కేకు, డేట్స్ కేకు, అరటిపండు కేకు అయితే ఉప్పు బటర్‌తో గట్టెక్కుతాయి. విడిగా ఉప్పు మానేస్తే చాలు. ఇంట్లో కుక్కర్‌లో చేసే చిన్న కేకులో బటర్ తక్కువే పడుతుంది, అక్కడ పెద్ద పట్టింపు అవసరం లేదు.

బిస్కెట్ల సంగతి వేరు. తీపిలో కాస్త ఉప్పు తగలడమే వాటికి రుచి. టీలో ముంచుకుని తినే తీపి ఉప్పు బిస్కెట్లకి ఉప్పు బటర్ చక్కగా కుదురుతుంది. చాక్లెట్ ముక్కలు వేసే కుకీలకి కూడా నేను కావాలనే ఉప్పు బటరే వాడతాను. కానీ నాన్‌ఖటైకి నెయ్యే, దాని వాసన బటర్‌కి రాదు. బటర్ రెసిపీని నెయ్యికి మార్చాలంటే 100 గ్రాముల బటర్‌కి 80 గ్రాముల నెయ్యి, ఒక టేబుల్ స్పూన్ పాలు వేయండి. నెయ్యి మొత్తం కొవ్వే కాబట్టి అదే కొలత వేస్తే బిస్కెట్లు ట్రే మీద నూనె ఓడుతూ పరుచుకుపోతాయి.

బ్రెడ్డు, పావ్ పిండికి ఏదైనా ఒకటే. అరకిలో మైదాకి వేసే 20, 30 గ్రాముల బటర్‌లో ఉప్పు అర గ్రాము చుట్టూ ఉంటుంది. ఆ పిండికి ఎలాగూ 8 నుంచి 10 గ్రాముల ఉప్పు పడుతుంది. కారమెల్ సాస్‌కి మాత్రం ఉప్పు లేనిది వేసి, ఉప్పు కలిపిన కారమెలే కావాలనుకున్నా సరే, చివర్లో మీ చేత్తో చిటికెడు చిటికెడుగా వేసుకోండి.

విదేశీ రెసిపీలు చూసేవాళ్ళకి ఒక కొలత. అక్కడ "ఒక స్టిక్" అంటే 113 గ్రాములు, కప్పు అంటే 227. మన 100 గ్రాముల ప్యాకెట్ ఒక స్టిక్ కాదు, ఇంకో టేబుల్ స్పూన్ కావాలి. బిస్కెట్లు ఎండిపోయినట్టు వస్తున్నాయంటే చాలాసార్లు ఇదే కారణం.

ఇంటి వెన్నతో కేకు చేయాలంటే

ఉప్పు లేని బటర్ దొరకలేదని ఉప్పు బటర్‌తో సరిపెట్టుకునేవాళ్ళ ఫ్రిజ్‌లోనే వారం రోజుల మీగడ గిన్నె ఉంటుంది. ఆ వెన్న వాడొచ్చని వాళ్ళకి తోచదు. తోచినా, ఒకసారి ప్రయత్నించి కేకు గట్టిగా వచ్చిందని మానేసినవాళ్ళు ఉంటారు. గట్టిగా రావడానికి కారణం రెండే. నీళ్ళు, మజ్జిగ.

ఇంటి వెన్నలో నీటి పాళ్ళు ప్యాకెట్ వెన్న కన్నా ఎక్కువ ఉంటాయి. చిలికే తీరుని బట్టి ఒక్కో ఇంట్లో ఒక్కోలా. ఆ నీళ్ళు మైదాతో కలిస్తే పిండి సాగుతుంది, కేకు రబ్బరులా అవుతుంది. సరిగ్గా కడగకపోతే మజ్జిగ పులుపు కూడా కేకులోకి వస్తుంది, వెన్న కూడా త్వరగా వాసనొస్తుంది.

వెన్న తేలగానే తీసి చల్లటి నీళ్ళలో వేసి, చేత్తో మడుస్తూ నొక్కండి. మొదటి నీళ్ళు పాలలా తెల్లగా మారతాయి. పారబోసి మళ్ళీ పోయండి. గిన్నె అడుగు స్పష్టంగా కనిపించేదాకా నీళ్ళు మార్చండి. ఎండాకాలంలో ఐసు నీళ్ళు వాడాలి, లేదంటే వెన్న ముద్దకట్టకుండా వేళ్ళకి జిగురులా అంటుకుంటుంది. కడిగిన ముద్దని ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీసి, పళ్ళెం మీద చెక్క అట్లకాడతో పల్చగా పరుస్తూ నొక్కండి. నొక్కిన ప్రతిసారీ చిన్న చిన్న నీటి బొట్లు ఉబికి వస్తాయి. పళ్ళాన్ని వంచి ఆ నీరు కార్చేసి, ముద్దని తిప్పి మళ్ళీ నొక్కండి. బొట్లు రావడం ఆగాక పల్చటి నూలు గుడ్డలో చుట్టి పెడితే మిగిలిన తడి కూడా గుడ్డ లాగేస్తుంది. అప్పుడు ఆ వెన్న ప్యాకెట్ బటర్‌కి చాలా దగ్గరగా వస్తుంది.

ఎంత దగ్గరగా వచ్చిందో తెలుసుకోవాలంటే ఒకే ఒక్కసారి ఈ పరీక్ష చేయండి. 100 గ్రాముల వెన్నని గాజు గ్లాసులో తూచి వేసి, వేడి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. కరిగాక కదపకుండా కాసేపు వదిలి, తరవాత ఫ్రిజ్‌లో పెట్టండి. కొవ్వు పైన గట్టిపడుతుంది, కింద తెల్లటి నీరు మిగులుతుంది. అంచున చాకుతో కన్నం చేసి ఆ నీరు వంపేసి, పైన మిగిలిన కొవ్వుని తూచండి. 80 గ్రాముల దగ్గర ఉంటే ఏ మార్పూ అక్కర్లేదు. 75 ఉందనుకోండి, రెసిపీలో 100 గ్రాముల బటర్ అన్నచోట మీ వెన్న 107 గ్రాములు తీసుకుని, పాలు ఒకటిన్నర టీస్పూన్ తగ్గించండి. మీ ఇంట్లో వెన్న ఎప్పుడూ ఒకే పద్ధతిలో తీస్తారు కాబట్టి ఈ అంకె మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

తోడు పెట్టి చిలికిన వెన్నలో ఉండే కమ్మటి పులుపు వాసన గురించి భయపడకండి. సాదా కేకుకి అది ఎక్కడా కొనలేని రుచి. బటర్ క్రీమ్‌కి మాత్రం ఇంటి వెన్న నేను సిఫారసు చేయను. ఎంత నొక్కినా కొంత నీరు ఉండి, గిలకొట్టేటప్పుడు క్రీమ్ విరిగినట్టు అవుతుంది.

ఉన్నదానితో సర్దుకోవాలంటే

రెసిపీలో ఉప్పు లేని బటర్ ఉండి, ఇంట్లో ఉప్పుది ఉంటే: ప్రతి 100 గ్రాముల బటర్‌కి అర టీస్పూన్‌లో కొంచెం తక్కువ ఉప్పు ఇప్పటికే పడిందని లెక్కవేసుకుని, రెసిపీలో రాసిన ఉప్పులో అంత తగ్గించండి. రెసిపీలో రాసిందే అంతకన్నా తక్కువైతే, ఉప్పు పూర్తిగా మానేసినా కాస్త ఎక్కువే అవుతుంది. అలాంటప్పుడు సగం ఉప్పు బటర్, సగం ఇంటి వెన్న కలపడం మంచి ఉపాయం. రివర్సులో, ఉప్పు లేని బటర్‌ని బ్రెడ్డు మీదకి వాడాలంటే మెత్తగా ఉన్నప్పుడు 100 గ్రాములకి పావు టీస్పూన్ మెత్తటి ఉప్పు కలపండి, రుచి చూసి ఇంకాస్త వేసుకోవచ్చు. రాళ్ళ ఉప్పు వద్దు, బటర్‌లో కరగక పంటికింద పడుతుంది.

ఉప్పు బటర్‌ని నీళ్ళలో కడిగితే ఉప్పు పోతుందా? కొంత పోతుంది, ఎంత పోయిందో తెలియదు, పైగా వెన్నలోకి నీళ్ళు చేరతాయి. ఆ శ్రమకన్నా ఆటో ఎక్కి ఉప్పు లేని ప్యాకెట్ తెచ్చుకోవడం సులువు.

బీపీ ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు

రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీస్పూన్ ఉప్పు బటర్‌లో ఉప్పు 0.1 గ్రాము. రెండు బ్రెడ్డు ముక్కలకి దట్టంగా రాసినా అర గ్రాము దాటదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి బీపీ ఉందని బటర్ మార్చి, రోజూ రెండు పూటలా ఆవకాయ, అప్పడం అలాగే ఉంచితే ఒరిగేది తక్కువ. ముందు వాటిని తగ్గించాలి. డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నవాళ్ళు మాత్రం బటర్ కూడా ఉప్పు లేనిదే వాడటం మంచిది. ఏడాది లోపు పసివాళ్ళ అన్నంలోకి ఉప్పు బటర్ అసలు వద్దు. ఇంటి వెన్న కాచిన నెయ్యి ఉండగా దాని అవసరమే రాదు.

ఎండాకాలంలో, ఫ్రిజ్‌లో

ఉప్పు వెన్నని నిలవ ఉంచుతుంది. ఉప్పు లేనిది త్వరగా వాసన పడుతుంది. అందుకే ఉప్పు లేని బటర్ పెద్ద ప్యాకెట్ తెస్తే 100 గ్రాముల చొప్పున కోసి, ఒక్కో ముక్కనీ బటర్ పేపర్‌లో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. కావాల్సిన రోజు ముందురాత్రి ఒక ముక్క కిందికి దించుకుంటే చాలు. చుట్టకుండా ఫ్రిజ్ తలుపు అరలో వదిలేస్తే పక్కనున్న ఉల్లిపాయ, ఎండుచేపల డబ్బా, కోసిన మామిడికాయ, అన్నిటి వాసనా పీల్చేస్తుంది. ఇంటి వెన్నని చల్లటి నీళ్ళలో ముంచి ఉంచి, రోజూ నీళ్ళు మార్చే పాత పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. వారంలోపు వాడేయాలి.

రెసిపీల్లో "గది ఉష్ణోగ్రతలో మెత్తబడిన బటర్" అని రాస్తారు. అది 20 డిగ్రీల గది. బెజవాడలో మే నెలలో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు వంటింటి గట్టు మీద అరగంట పెడితే మెత్తబడటం కాదు, కరిగి నూనైపోతుంది. అప్పుడు పంచదారతో ఎంత గిలకొట్టినా గాలి పట్టదు, కేకు పొంగదు. చిన్న ముక్కలుగా కోసి ఐదు, పది నిమిషాలు మాత్రమే బయట పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, పైన జిడ్డు మెరుపు రాకూడదు. గిలకొట్టేటప్పుడు జారుగా అవుతోందనిపిస్తే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. వీలుంటే కరెంటు పోని టైం చూసుకుని ఏసీ గదిలోనే ఈ పని కానివ్వండి.

షాపు నుంచి తెచ్చేటప్పుడు కూడా బటర్ చివర్లో తీసుకోండి, పాల ప్యాకెట్ల మధ్యలో పెట్టుకోండి. దారిలో పూర్తిగా కరిగి, ఫ్రిజ్‌లో మళ్ళీ గడ్డకట్టిన బటర్ పైకి మామూలుగానే కనిపిస్తుంది, కానీ కోస్తే లోపల రవ్వగా ఉంటుంది, నీరు విడిగా కనబడుతుంది. పాడైపోయినట్టు కాదు. కూరలకీ, దోసెలకీ, పావ్ కాల్చడానికీ నిశ్చింతగా వాడేయండి. కేకుకి మాత్రం ఫ్రీజర్‌లో దాచిన ముక్క తీయండి.